చెన్నై మహానగర ప్రాంత భూగర్భజల నియంత్రణ చట్టం

చెన్నై మహానగర ప్రాంత భూగర్భజల నియంత్రణ చట్టం అనునది చెన్నై నగరంలోను, పరిసరాలలో నిర్దేశించిన గ్రామాలలోను భూగర్భజలాల తోడకాన్ని, వినియోగాన్ని, రవాణాను నియంత్రించుటకు తమిళనాడు ప్రభుత్వం 1987లో చేసిన చట్టం.

నేపథ్యం

చెన్నైకి జీవనది లేదు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలకు ప్రధానాధారం వర్షమే. 1996 నుండి తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు కూడా పూండికి చేరుతున్నాయి. ఇవి చాలనపుడు నగరం బోరుబావులపై ఆధారపడుతుంది. ఉత్తరాన మీంజూరు ప్రాంతంలో నీటిని మితిమీరి తోడినందువలన సముద్రజలం భూమి పొరలలోకి చొరబడి బావులు ఉప్పుబారాయి.

1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, నిర్దిష్ట ప్రవాహమార్గం లేని భూగర్భజలాన్ని యజమాని తన హద్దులలో తోడుకొనవచ్చును. కాని నేలక్రింది నీటికి సరిహద్దురాళ్ళు ఉండవు. ఒకరు లోతైన బోరు వేసినచో పొరుగువారి బావి ఎండిపోవచ్చును.

ముఖ్యాంశాలు

* కొత్త బావి త్రవ్వుటకు అనుమతి పొందాలి.
* ఉన్న బావులను నమోదు చేయించాలి.
* గృహేతర అవసరాలకు నీరు తోడుటకు లైసెన్సు కావాలి.
* లారీలలో నీటిని తరలించుటకు కూడా లైసెన్సు అవసరం.

అమలులో చిక్కులు

2019 వేసవిలో పై నాలుగు జలాశయాలు దాదాపుగా ఎండిపోగా ట్యాంకర్ల గిరాకీ పెరిగింది. నీటిని అమ్మిన భూయజమానికి ఆదాయం వస్తుంది. బావి ఎండిన పొరుగు రైతు, అతని పొలంలోని కూలీ నష్టపోతారు. ట్యాంకర్లను ఒక్కసారిగా ఆపినచో కుళాయి లేని ఇళ్ళకు నీరందదు. కనుక తోడే నీటిని కొలవడం, కుళాయి సరఫరాను విస్తరించడం, తమిళనాడులో 2003లో భవనాలన్నిటికీ తప్పనిసరి చేసిన వాననీటి సేకరణను సక్రమంగా నిర్వహించడం కూడా లైసెన్సులతో పాటు సాగవలసి ఉంటుంది.