కత్తెరకు దొరకని గాయని

మా నాన్న టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. దివిసీమలో ఊరూరా డేరా వేసుకుని తిరిగే సినిమా అది. రాత్రిపూట ఆయనకు అన్నం క్యారేజీ పట్టుకెళ్లే పని నాది. 1970ల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు. కేబిన్ నిండా కార్బన్లు కాలిన వాసన, బయట దడదడలాడే డీజిల్ ఇంజను. బెంచీ టిక్కెట్టు వాళ్లకు కూడా దొరకని చోట కూర్చుని సినిమా చూసేదాన్ని.

సెకండ్ షో ఆలస్యమైన రోజున యజమాని కేబిన్ దగ్గరకొచ్చి, "ఆ క్లబ్బు పాట లేపెయ్యవయ్యా, డీజిలు చాలదు" అనేవాడు. నాన్న రీలు విప్పి పాట మొదట్లో ఒక కోత, చివర ఒక కోత వేసేవాడు. బ్లేడుతో ఫిల్మ్ అంచు గీకి, ఫిల్మ్ అతికించే సిమెంటు రాసి, నొక్కి పట్టుకునేవాడు. తీసిన ముక్కని చుట్టి రేకు డబ్బాలో పెట్టేవాడు. ఫిల్ము బాక్సు వెనక్కి పంపే ముందు మళ్లీ అతికించాలి కదా.

"నాన్నా, హీరోయిన్ పాట తియ్యవేం?" అని ఒకసారి అడిగాను.

"అది తీస్తే కథ తెగుద్దే అమ్మడూ. ఈ పిల్ల పాట తీస్తే ఏం తెగదు" అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్లకు మొన్న మా మనవడి ల్యాప్‌టాప్‌లో ఒక పాత అమెరికన్ సినిమా చూస్తుంటే గుర్తొచ్చింది. పేరు 'ద డ్యూక్ ఈజ్ టాప్స్'. 1938లో వచ్చింది. గంటా పావు కూడా ఉండదు. స్టేజీల మీదా, నైట్‌క్లబ్బులోనూ పాడే అమ్మాయే ఇందులో కథానాయిక. ఆ వేషం వేసింది లీనా హార్న్. ఆమెకది మొదటి సినిమా.

ఇలాంటి వాటిని అమెరికాలో 'రేస్ ఫిల్ములు' అనేవారు. నల్లవాళ్లే నటించి, నల్లవాళ్ల కోసమే ఆడించిన సినిమాలు. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పట్లో థియేటర్లు కూడా రంగును బట్టి విడిపోయి ఉండేవి. నల్లవాళ్లకు వేరే హాలైనా ఉండాలి, లేదా తెల్లవాళ్ల హాల్లో పక్క ద్వారం గుండా ఎక్కే బాల్కనీ అయినా ఉండాలి. కొన్నిచోట్ల అర్ధరాత్రి ఆటలు వేసేవారు. పెద్ద స్టూడియోల సినిమాల్లో నల్లవాళ్లకు ఎక్కువగా దక్కేవి వంటమనిషి, నౌకరు వేషాలు. రేస్ ఫిల్ముల్లో డాక్టరూ వాళ్లే, దొంగా వాళ్లే, ప్రేమించే జంటా వాళ్లే. డబ్బు మాత్రం ఉండేది కాదు. ఆస్కార్ మిషో లాంటి దర్శకులు 1919 నుంచి ఈ దారిలోనే నడిచారు. ఆ సినిమాల్లో చాలా వాటికి ప్రింట్లు కూడా మిగల్లేదు. ఇది మిగిలింది.

దీన్ని తీసిన కంపెనీ పేరు మిలియన్ డాలర్ ప్రొడక్షన్స్. పేరులో ఉన్న డబ్బు పెట్టెలో లేదు. హ్యారీ, లియో పాప్కిన్ సోదరులతో కలిసి ఈ కంపెనీ నడిపిన రాల్ఫ్ కూపరే ఇందులో హీరో. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో కొత్త గాయకులకు అవకాశమిచ్చే 'అమెచ్యూర్ నైట్' పెట్టి పేరు తెచ్చుకున్నది ఈయనే. గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1934లో ఆ వేదిక మీద గెలిచే పైకొచ్చింది. లీనాకు అప్పటికి ఇరవై ఏళ్లు, చంటిబిడ్డ తల్లి. పదహారేళ్లకే, 1933లో, కాటన్ క్లబ్బులో బృంద నృత్యంలో చేరింది. హార్లెమ్ నడిబొడ్డున ఉన్న ఆ క్లబ్బులో ఆడి పాడేది నల్లవాళ్లు, కూర్చుని చూసేది తెల్లవాళ్లు. తర్వాత పెళ్లి చేసుకుని పిట్స్‌బర్గ్‌లో కాపురం పెట్టింది. అక్కడి నుంచి ఈ సినిమా కోసం హాలీవుడ్ వెళ్లింది. పది రోజులకు అటూ ఇటూగా షూటింగ్ ముగిసింది. ఒప్పుకున్న డబ్బు సరిగా చేతికి రాలేదని ఆమె జీవితకథ రాసినవాళ్లు చెబుతారు.

కథ మనకు కొత్తేమీ కాదు. డ్యూక్ చిన్న చిన్న షోలు వేసే నిర్మాత. ఎథెల్ అతని షోలో గాయని, అతను మనసిచ్చిన మనిషి. న్యూయార్క్ వాళ్లు వచ్చి ఎథెల్‌ని మాత్రమే పిలుస్తారు. తనను వదిలి ఆమె వెళ్లదని డ్యూక్‌కి తెలుసు. అందుకని ఆమె కాంట్రాక్టును డబ్బుకు అమ్ముకున్నట్టు నటిస్తాడు. ఆమె మనసు విరిగి వెళ్లిపోతుంది. అతని షోలు మూతపడతాయి. ప్రేమించినవాడు చెడ్డవాడిలా కనపడి తప్పుకోవడం మన నాగేశ్వరరావు సినిమాల్లో ఎన్నిసార్లు చూళ్లేదు!

ఆ తర్వాత వచ్చే భాగం నాకు బాగా నచ్చింది. చితికిపోయిన డ్యూక్, డాక్ డొరాండో అనే మందులాయనతో కలిసి ఊళ్లు తిరుగుతాడు. బండి ఆపడం, ఒక పాట, ఒక డాన్సు, రెండు జోకులు. జనం పోగవగానే సీసా పైకెత్తడం. ఆ ఒక్క మందే సర్వరోగ నివారిణి. చూస్తుంటే మా అవనిగడ్డ సంతే కళ్లముందుకొచ్చింది. పామూ ముంగిసా పోట్లాట ఇదిగో అదిగో అంటూ గంటసేపు నిలబెట్టి, చివరికి నొప్పుల నూనె అమ్మి వెళ్లేవాళ్లు గుర్తున్నారా? ముంగిస బుట్టలోంచి దిగేది కాదు. అమెరికాలో ఇలాంటి మందుల షోలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఎందరో పాటగాళ్లు, హాస్యగాళ్లు వాటిలోనే తొలి జీతం తీసుకున్నారు.

న్యూయార్క్‌లో ఎథెల్ ఒంటరిగా నిలబడలేకపోతుంది. ఆ కబురు తెలిసి డ్యూక్ వెళతాడు. మందుల షో వాళ్లనీ ఎథెల్‌నీ ఒకే ప్రదర్శనలో కలిపి నైట్‌క్లబ్బులో నిలబెడతాడు. చివరి భాగమంతా ఆ ప్రదర్శనే. బేసిన్ స్ట్రీట్ బాయ్స్, క్యాట్స్ అండ్ ద ఫిడిల్ అనే బృందాలు పాడతాయి. విల్లీ కోవన్ అడుగుల చప్పుడుతో నేల మోగిస్తాడు. కెమెరా పెద్దగా కదలదు, ముందు వరుసలో టిక్కెట్టు కొనుక్కున్న మనిషిలా కూర్చుని చూస్తుంది. సెట్లు పలచన, నటన అక్కడక్కడా బిగుసుకుపోతుంది. లీనా కూడా మాటల దగ్గర తడబడే కొత్తపిల్లే. కానీ ఆ కాలంలో స్టేజీ మీద ఆ కళాకారులు ఎలా పాడారో, ఎలా ఆడారో మనకు మిగిలిన చోట్లలో ఇదొకటి.

1942లో ఎం.జి.ఎం. స్టూడియో లీనాతో ఏళ్ల తరబడి సాగే ఒప్పందం కుదుర్చుకుంది. రంగుల సినిమా, పట్టు గౌన్లు, పెద్ద ఆర్కెస్ట్రా, అన్నీ వచ్చాయి. 1943లో 'క్యాబిన్ ఇన్ ద స్కై'లోనూ, ఫాక్స్ స్టూడియో వాళ్ల 'స్టార్మీ వెదర్'లోనూ కథలో పాత్రలు దక్కాయి. అవి పూర్తిగా నల్లవాళ్లే నటించినవి. మిగతా సినిమాల్లో ఎక్కువగా ఆమె తెర మీదికొస్తుంది, పాడుతుంది, వెళ్లిపోతుంది. హీరోతో మాట ఉండదు, హీరోయిన్‌తో పరిచయం ఉండదు. ఎందుకంటే అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ల హాళ్లలో ఆ ముక్క తీసేసి వెయ్యాలి. కథ తెగకూడదు. 'థౌజండ్స్ చీర్', 'జీగ్‌ఫీల్డ్ ఫాలీస్' లాంటివి అలా అమర్చినవే. 1951లో 'షో బోట్' తీసినప్పుడు అందులో మిశ్రమ జాతి గాయని జూలీ వేషం ఉంది. 1946లో వచ్చిన ఇంకో సినిమాలో అదే జూలీగా లీనా ఒక పాట పాడి చూపించింది కూడా. వేషం ఏవా గార్డ్‌నర్‌కి వెళ్లింది. సినిమాలో ఆమెకు పాడింది వేరొకరు. పాడగలిగిన మనిషిని పక్కనపెట్టి, అరువు గొంతు తెచ్చారు.

మా నాన్న మాట ఇక్కడే గుచ్చుకుంది. ఆయన డీజిలు కోసం తీశాడు, వాళ్లు రంగు కోసం తీశారు. ఆ రెండు పాపాలూ ఒకటి కావు. కానీ తీయడానికి వీలుగా ముందే కుట్టిపెట్టిన పాటలే రెండూ.

నాన్న ఇంకో సంగతి కూడా చూపించాడు. ఫిల్మ్ మీద బొమ్మా, దాని శబ్దం పక్కపక్కనే ఉండవు. శబ్దం ఇరవై ఫ్రేములు ముందుంటుంది. ప్రొజెక్టర్లో బొమ్మ పడే కిటికీ ఒకచోట, శబ్దం చదివే దీపం ఇంకాస్త కిందచోట. అందుకని పాటను బొమ్మ దగ్గర కోసి అతికిస్తే, తెర మీద తర్వాతి సీను వచ్చేసినా, తీసేసిన పాట మొదటి ముక్క సెకను లోపు వినపడి ఆగిపోతుంది. నేలమీద కూర్చున్న కుర్రాళ్లు ఆ తునక వినగానే "పాటేదిరా!" అని ఈలలు వేసేవాళ్లు. ఒకసారి వాళ్లు విసిరిన ఇసక కేబిన్ దాకా వచ్చింది. ఆ రాత్రి తిట్లు తిన్నది నాన్నే, లేపెయ్యమన్న మనిషి ఇంటికెళ్లి పడుకున్నాడు.

1943లో లీనాకు పేరు రాగానే 'ద డ్యూక్ ఈజ్ టాప్స్'ని మళ్లీ విడుదల చేశారు. ఈసారి పేరు 'ద బ్రాంజ్ వీనస్'. అంటే సినిమా హీరో చేతిలోంచి ఆమె చేతికొచ్చింది. లీనా 2010లో, 92 ఏళ్ల వయసులో పోయింది. 2022లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఒక థియేటర్‌కి ఆమె పేరు పెట్టారు. అక్కడ నల్లజాతి మహిళ పేరున్న మొదటి థియేటర్ అదే.

ఈ సినిమా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. గీతలు పడ్డ బొమ్మ, గరగరలాడే శబ్దం. ఓపిక పట్టి చూడండి. చూశాక, ఆ గాయనిని తీసేసి ఇంట్లో ఎవరికైనా కథ చెప్పి చూడండి. కుదరదు. మా నాన్న బ్లేడుకి కూడా కుదిరేది కాదు.