14 మీటర్ల వీధి: ఇంగ్లండ్ కొత్త ఇళ్ల చుట్టూ అల్లుకున్న అపోహలు

ఇంగ్లండ్‌లో స్థలం మీ పేరనే ఉన్నా అందులో ఇల్లు కట్టే హక్కు మీ చేతిలో ఉండదు. 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం ఆ హక్కును ప్రభుత్వపరం చేసింది. అప్పటి నుంచి దాదాపు ప్రతి కొత్త కట్టడానికీ స్థానిక కౌన్సిల్ అనుమతి కావాల్సిందే. ఇళ్లు చాలక అద్దెలూ ధరలూ మండిపోతున్నాయి కాబట్టి, ఈ పద్ధతిని సంస్కరిస్తామని వచ్చిన ప్రతి ప్రభుత్వమూ అంటూనే ఉంది. ఇప్పటి ప్రభుత్వం ఈ పార్లమెంటు గడువులోగా 15 లక్షల ఇళ్లు కట్టించాలని లక్ష్యం పెట్టుకుంది. ఎన్ని ఇళ్లన్న లెక్క మీద జరిగినంత చర్చ, ఎలాంటి ఇళ్లన్న దాని మీద జరగడం లేదు. ఆ రెండో ప్రశ్న చుట్టూ అపోహలు పాతుకుపోయాయి. అక్కడ స్థిరపడి కొత్త ఇల్లు కొనుక్కోవాలని చూస్తున్న తెలుగు కుటుంబాలకూ ఇవి తెలియడం అవసరం.

అపోహ: డిజైన్ అంటే పైపై సోకు. ముందు తలదాచుకోవడానికి ఇల్లంటూ ఉంటే చాలు.

వాస్తవం: ఈ మాటను చట్టమే నమ్మితే ఏమవుతుందో 2013 తర్వాత అందరూ చూశారు. ఆఫీసు భవనాలను ఫ్లాట్లుగా మార్చుకోవడానికి పూర్తిస్థాయి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదని ఆ ఏడాది వెసులుబాటు ఇచ్చారు. ట్రాఫిక్, వరద ముప్పు, నేల కాలుష్యం లాంటి కొద్ది విషయాలు మాత్రమే కౌన్సిల్ చూడగలిగేది. గది ఎంత ఉంది, కిటికీ ఉందా లేదా అని అడిగి కాదనే అధికారం అప్పట్లో దానికి లేదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. ఈ అడ్డదారిన వచ్చిన ఇళ్లలో జాతీయ విస్తీర్ణ ప్రమాణాన్ని అందుకున్నవి 22.1 శాతమే. మామూలు అనుమతితో వచ్చినవాటిలో 73.4 శాతం అందుకున్నాయి. ఆ ప్రమాణమేమీ విలాసం కాదు. ఒంటరి మనిషి ఇంటికి 37 చదరపు మీటర్లు, అంటే సుమారు 400 చదరపు అడుగులు అడుగుతుంది, అంతే.

ఇలా మార్చే ఇళ్లలో మనుషులు ఉండే గదుల్లోకి సహజమైన వెలుతురు రావాలన్న నిబంధన 2020 ఆగస్టులో, కనీస విస్తీర్ణం ఉండాలన్నది 2021 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. అప్పటికి కట్టేసిన ఫ్లాట్లకు మాత్రం కొత్తగా కిటికీలు మొలవవు. వాటిలో పిల్లలు పెరుగుతున్నారు. డిజైన్‌ను సోకు అని కొట్టిపారేసేవాళ్లు ముందు ఆ గదుల్లో ఒక రాత్రి గడిపి రావాలని నేను కోరుకుంటాను.

అపోహ: మంచి డిజైన్ ఖరీదైనది, డబ్బున్నవాళ్లకే.

వాస్తవం: బ్రిటన్‌లో వాస్తుశిల్పానికి ఇచ్చే అత్యున్నత పురస్కారం స్టిర్లింగ్ ప్రైజ్ 2019లో నారిచ్ నగరంలోని గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌కు దక్కింది. అవి కౌన్సిల్ కట్టించి తక్కువ అద్దెకు ఇచ్చిన సుమారు 100 ఇళ్లు. మిఖాయిల్ రిచెస్ సంస్థ, ఆర్కిటెక్ట్ క్యాథీ హాలీ కలిసి రూపొందించారు. చలికాలంలో హీటర్ ఖర్చు నామమాత్రంగా ఉండేలా గోడలు మందంగా, ఎక్కడా గాలి చొరబడకుండా కట్టారు. వరుసలను దక్షిణం ఎండకు తిప్పారు. కార్లను అంచులకు నెట్టారు. పెరటి తలుపు తీస్తే పిల్లలు ఆడుకునే ఉమ్మడి సందు. పై అంతస్తు ఫ్లాటుకు కూడా వీధిలోకి సొంత గుమ్మం ఉంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నది ఆ వీధి వెడల్పు. ఎదురెదురు ఇళ్ల కిటికీల మధ్య 21 మీటర్ల దూరం ఉండాలని ఇంగ్లండ్‌లో చాలా కౌన్సిళ్లు పట్టుబడతాయి. ఆ అంకె నిన్న మొన్నటిది కాదు. ప్రభుత్వ గృహనిర్మాణంపై 1918లో వచ్చిన ట్యూడర్ వాల్టర్స్ నివేదిక 70 అడుగులు ఉండాలంది. చలికాలపు వాలు ఎండ కింది గదిలోకి కూడా రావాలన్నది అప్పటి ఉద్దేశం. కాలం గడిచేకొద్దీ ఉద్దేశం మరుగున పడి, అంకె మాత్రం మిగిలింది. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో ఆర్కిటెక్టులు ఉద్దేశాన్ని తిరిగి పట్టుకున్నారు. వెనక వరుసకు ఎండ తగిలేలా ముందు వరుస పైకప్పును వాల్చారు. ఒకరింట్లోకి ఒకరు తొంగిచూసే వీలు లేకుండా కిటికీలను జాగ్రత్తగా అమర్చారు. వీధిని 14 మీటర్లకు తగ్గించమని కౌన్సిల్‌ను ఒప్పించారు. అలా మిగిలిన నేలలో మరిన్ని ఇళ్లు పట్టాయి. డిజైన్ ఖర్చు పెంచుతుందన్న వాదనకు ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

ఇంకో సంగతి. బిల్డరు స్థలం కొనేటప్పుడే, అక్కడ కట్టబోయే ఇళ్లు ఎంతకు అమ్ముడుపోతాయి, కట్టడానికి ఎంతవుతుంది అని లెక్క వేసుకుని, మిగిలే సొమ్మును బట్టి భూమికి ధర కడతాడు. ప్రమాణాలు ముందే ఖచ్చితంగా రాసి ఉంటే ఆ ఖర్చు భూమి ధరలో తగ్గుతుంది. కొనుగోలుదారు నెత్తిన పడనక్కర్లేదు. అందుకే ఆ ప్రమాణాలు చట్టంలో ఉండాలి, భూమి బేరం కుదరకముందే తెలియాలి.

అపోహ: డిజైన్ కోడ్ (ఇళ్లూ వీధులూ ఎలా ఉండాలో ముందే రాసిపెట్టే నిబంధనలు) పెడితే ఊళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

వాస్తవం: 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌ను పునర్నిర్మించడానికి చేసిన 1667 చట్టం ఇళ్లను నాలుగు రకాలుగా విభజించి, గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలంది. 1774 చట్టం ఆ పద్ధతిని మరింత బిగించింది. ఈ రోజు జనం కళ్లప్పగించి చూసే జార్జియన్ వీధులు ఆ కట్టుదిట్టాల నీడలోనే పుట్టాయి. ఇక ఒకే అచ్చు ఇళ్లంటారా, అవి ఏ కోడూ లేకుండానే ఇప్పుడు వస్తున్నాయి. పెద్ద బిల్డర్లు తమ దగ్గరున్న కొద్దిపాటి నమూనాలనే దేశమంతటా దించుతున్నారు.

అపోహ: నిబంధనలు పెరిగితే ఇళ్లు ఆలస్యమవుతాయి.

వాస్తవం: అనుమతి వచ్చాక కూడా పెద్ద లేఅవుట్లు ఎందుకు నత్తనడక నడుస్తున్నాయో 2018లో ఆలివర్ లెట్విన్ ప్రభుత్వం కోసం పరిశీలించారు. ఆయన చూసిన పెద్ద స్థలాలు పూర్తవడానికి పట్టే కాలపు మధ్యస్థ విలువ 15.5 ఏళ్లు. ఆయన తేల్చిన కారణం మార్కెట్. ఆ చుట్టుపక్కల ధర పడిపోకుండా ఎన్ని అమ్మగలరో అన్నే కడుతున్నారు. ఒకే రకం ఇళ్లు కాకుండా, రకరకాల మనుషులకు సరిపోయే రకరకాల ఇళ్లు ఒకేచోట కడితే వేగం పెరుగుతుందని ఆయన సూచించారు.

అపోహ: ‘అందం’ అన్న మాట నిబంధనల్లోకి వచ్చింది కదా, సమస్య తీరింది.

వాస్తవం: 2021లో జాతీయ ప్లానింగ్ విధాన పత్రంలోకి ఆ మాట ఎక్కింది. 2024 డిసెంబరు సవరణలో చాలావరకు పోయింది. దాని గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఎవరి అందం వారిది. నాసిరకం ప్రణాళికను తిప్పికొట్టడానికి మీటర్లలో, బొమ్మల్లో రాసిన కోడ్ కావాలి. ప్రతి కౌన్సిల్ తన ప్రాంతమంతటికీ డిజైన్ కోడ్ రాసుకోవాలని 2023 నాటి లెవెలింగ్ అప్ చట్టం చెప్పింది. అది మేలైన అడుగు. కానీ దాన్ని చదివి నిలబెట్టే మనుషులు కౌన్సిల్లో ఉండాలి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వారి ఆధ్వర్యంలో 142 కొత్త కాలనీలను పరిశీలించి 2020లో ప్రకటించిన ఆడిట్‌లో, నాలుగింట మూడు వంతులు సాదాసీదాగానో అధ్వానంగానో తేలాయి. అయిదింట ఒకదానికి అప్పటికే ఉన్న విధానం ప్రకారం కూడా అనుమతి ఇవ్వకూడదట. పేద ప్రాంతాలకు నాసిరకం డిజైన్ దక్కే అవకాశం 10 రెట్లు ఎక్కువని కూడా ఆ ఆడిట్ చెప్పింది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆడిట్‌లో మరీ తక్కువ మార్కులు వచ్చినవి ఇళ్ల ముఖాలకు కాదు. అవసరానికి మించి పరిచిన రోడ్లకు, ఎక్కడ పడితే అక్కడ నిలిపే కార్లకు, గుమ్మం ముందు నిలబడే చెత్తడబ్బాలకు. మీ కౌన్సిల్ తన కోడ్ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టినప్పుడు ముందు వాటి పేజీలే తెరవండి. చెత్తడబ్బా ఎక్కడ పెట్టాలి? పిల్లలు రోడ్డు దాటకుండా ఎక్కడ ఆడుకోవాలి? వంటగదిలోకి ఎన్ని గంటల ఎండ వస్తుంది? జవాబు కనిపించకపోతే రాసి పంపండి. అభిప్రాయం చెప్పడానికి అక్కడ పౌరసత్వం అడగరు.