రౌటర్ పాడైందా? రిజిస్టర్ నిండిందా?

బదిలీ మీద కొత్త ఊరు చేరగానే, సామాను పెట్టెలు విప్పకముందే మన ఇళ్లలో పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "వైఫై ఎప్పుడు వస్తుంది?" అని. వైఫై వచ్చిన వారానికే ఇంకో మాట: "ఈ ఊళ్లో నెట్ అస్సలు బాగాలేదు." దూరపు పోస్టింగులో ఉన్న అమ్మో నాన్నో రాత్రి వీడియో కాల్ చేస్తే ముఖం కదలదు, మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తే బాగవుతుంది. గంటకల్లా మళ్లీ అదే కథ. రౌటర్ పాడైందనుకొని కొత్తది కొనేవాళ్లున్నారు. కొనేముందు పక్కగదిలో అన్నయ్య కంప్యూటర్ మీద టోరెంట్ నడుస్తోందేమో చూడండి.

టోరెంట్ అనేది ఫైళ్లను పంచుకునే ఒక పద్ధతి. 2001లో అమెరికాకు చెందిన బ్రామ్ కోహెన్ దీన్ని తయారుచేశాడు. పెద్ద ఫైల్‌ను ఒక్కచోటి నుంచే తెచ్చుకోకుండా ముక్కలు చేసి, ఆ ముక్కలున్న ఎందరో మనుషుల కంప్యూటర్ల నుంచి తలా కొన్ని తీసుకుంటాం. మన దగ్గరికి చేరిన ముక్కల్ని ఇతరులకు ఇస్తూ ఉంటాం. ఉబుంటు, లిబ్రేఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాటి తయారీదారులే ఇలా కూడా అందిస్తారు. (దొంగ సినిమాల సంగతి వేరు. అది నేరమని మీకు తెలుసు.)

దీనివల్ల రౌటర్‌కు రెండు కష్టాలు వస్తాయి. మొదటిది అర్థం కావాలంటే మన కాలనీ గేటును తలచుకోండి. కాలనీ మొత్తానికి బయట ఒకటే చిరునామా ఉందనుకుందాం. 12వ క్వార్టర్ నుంచి ఎవరికైనా ఉత్తరం వెళ్తే గేటు దగ్గర సెంట్రీ రిజిస్టర్‌లో ఒక వరస రాసుకుంటాడు. జవాబు వచ్చినప్పుడు ఆ వరస చూసి సరైన ఇంటికి పంపుతాడు. రౌటర్ చేసేది సరిగ్గా ఇదే. అయితే దాని రిజిస్టర్‌లో పేజీలు పరిమితం. ఒక వెబ్ పేజీకి కొన్ని వరసలు చాలు. టోరెంట్‌కు వందలు కావాలి. పైగా అవతలివాళ్లు కంప్యూటర్ కట్టేసి వెళ్లిపోయినా వాళ్ల వరసలు వెంటనే చెరిగిపోవు. చాలా రౌటర్ల లోపల నడిచేది లినక్స్. తయారీదారు మార్చకపోతే, చెప్పకుండా తెగిపోయిన టీసీపీ సంబంధాన్ని అది 5 రోజుల దాకా గుర్తుంచుకుంటుంది! రిజిస్టర్ నిండాక కొత్త ఉత్తరం గేటు దాటదు. రౌటర్‌ను ఆపి వేస్తే రిజిస్టర్ తెల్లకాగితమవుతుంది. అందుకే కాసేపు అంతా బాగుంటుంది.

రెండోది వరుసలో నిలబడే కష్టం. డౌన్‌లోడ్ అంటే కిందికి రావడమే కదా అనుకుంటాం. కానీ వచ్చిన ప్యాకెట్లకు "అందింది" అనే రసీదు పైకి వెళ్లాలి. ఆ పైదారిని టోరెంట్ తన అప్‌లోడ్‌తో నింపేస్తుంది. రైల్వే గేటు దగ్గర లారీల వెనక సైకిల్ చిక్కుకున్నట్టు ఆ చిన్న రసీదు చిక్కుకుపోతుంది. లెక్క చూద్దాం. అప్‌లోడ్ వేగం సెకనుకు 1 మెగాబిట్, వరుసలో ఆగిన సరుకు 256 కిలోబైట్లు అనుకుంటే, అది కదలడానికే సుమారు 2 సెకన్లు. ఫోన్‌లో ప్రతి మాటా 2 సెకన్లు ఆలస్యమైతే ఇక మాట్లాడుకునేదేముంది? ఫైబర్ కనెక్షన్‌లో ఈ బాధ తక్కువ. టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్‌లోనూ, మారుమూల పోస్టింగుల్లో వాడే సిమ్ రౌటర్లలోనూ ఎక్కువ. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే దీన్ని గమనించి "బఫర్‌బ్లోట్" అని పేరు పెట్టాడు.

మరి మీ ఇంట్లో ఉన్నది ఏ కష్టం? కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని ఇంగ్లీషులో టైపు చేసి, పక్కన మీ రౌటర్ చిరునామా (తరచుగా 192.168.1.1) ఇవ్వండి. జవాబు కొన్ని మిల్లీసెకన్లలో వస్తే వైఫై బాగున్నట్టే. తర్వాత 8.8.8.8 కు పంపండి. టోరెంట్ నడుస్తుంటే వెయ్యి దాటి, ఆపగానే నలభై, యాభైకి దిగితే అది వరుస కష్టం. ఆలస్యం లేకపోయినా, అప్పటికే నడుస్తున్న వీడియో సాగుతూ కొత్త పేజీ మాత్రం తెరుచుకోకపోతే రిజిస్టర్ మీద అనుమానపడండి.

మందు టోరెంట్ ప్రోగ్రామ్ సెట్టింగుల్లోనే ఉంది. మొత్తం కనెక్షన్లను 100కు తగ్గిస్తే రిజిస్టర్‌కు ఊపిరి ఆడుతుంది. అప్‌లోడ్‌ను అసలు వేగంలో 80 శాతానికి కట్టడి చేయాలి. ఇక్కడే పెద్దవాళ్లు కూడా తడబడతారు. కంపెనీ చెప్పేది మెగాబిట్లలో, టోరెంట్ చూపేది కిలోబైట్లలో. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 1 మెగాబిట్ అంటే సెకనుకు 125 కిలోబైట్లే, అందులో 80 శాతం 100. అక్కడ 800 అని వేస్తే కట్టడి లేనట్టే. పోనీ సున్నాకు దగ్గరగా పెడదామా అంటే, ఇవ్వనివాడికి అవతలివాళ్లూ సరిగ్గా ఇవ్వరు. ఆ పద్ధతి కట్టుబాటే అది.

టోరెంట్ లేని ఇంట్లోనూ ఈ లక్షణాలే కనిపిస్తే ఫోన్లు ఫోటోలను క్లౌడ్‌కు పంపుతున్నాయేమో చూడండి. విండోస్ 10, 11లలో అప్‌డేట్లను ఇతర కంప్యూటర్లతో పంచుకునే "డెలివరీ ఆప్టిమైజేషన్" అనే సెట్టింగు కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి దాన్ని ఆపి, పింగ్ మళ్లీ పంపి చూడండి.