కారు కింది డబ్బా తీసేస్తే ఏమవుతుంది?

కారు వెనుక పొగగొట్టాన్ని మీరంతా చూసే ఉంటారు. ఇంజను నుండి బయలుదేరిన గొట్టం అక్కడికి చేరేలోపు దారిలో ఉక్కు రేకుతో చేసిన ఉబ్బెత్తు డబ్బా ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో అది ఇంజనుకు ఆనుకొనే ఉంటుంది. దాని పేరు కాటలిటిక్ కన్వర్టర్.

పాత కారు కొన్నవారికి తరచు ఒక సలహా వినబడుతుంది: "ఆ డబ్బా తీయించి మామూలు గొట్టం వెల్డింగ్ చేయించండి. పికప్ పెరుగుతుంది, పెట్రోలు కలిసొస్తుంది." ఇది నిజమేనా? ముందుగా ఆ డబ్బా చేసే పనేమిటో తెలుసుకుందాం.

పెట్రోలులో ఉండేవి కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు. వీటిని హైడ్రోకార్బన్లు అంటారు. ఇవి పూర్తిగా మండితే కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే రావాలి. కాని సిలిండరులో మంట కొద్ది మిల్లీ సెకన్లలోనే ముగిసిపోతుంది. ఆ తొందరలో కొంత పెట్రోలు సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కొంత మండకుండానే బయటపడుతుంది. అంతేకాక, ఆ విపరీతమైన వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడులుగా మారుతుంది.

ఈ మూడూ హానికరమైనవే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అయితే మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే తలుపులు మూసిన షెడ్డులో బండి స్టార్ట్ చేసి ఉంచితే ప్రాణాలు పోతాయి. ఇక నైట్రోజన్ ఆక్సైడులు, హైడ్రోకార్బన్లు ఎండలో చర్య పొంది నేలమట్టాన ఓజోన్ పుట్టిస్తాయి. అది ఊపిరితిత్తులను బాధిస్తుంది.

పొటాషియం క్లోరేట్‌ను వేడిచేసి ఆక్సిజన్ తయారుచేసే ప్రయోగం మీకు గుర్తుందా? కొద్దిగా మాంగనీస్ డై ఆక్సైడ్ కలిపితే తక్కువ వేడికే ఆక్సిజన్ వస్తుంది. చివరకు చూస్తే కలిపిన పొడి కలిపినంతా అలాగే ఉంటుంది. ఇటువంటి పదార్థాన్నే ఉత్ప్రేరకం అంటాం. మన డబ్బాలో జరిగేదీ ఇదే. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. చదరపు అంగుళానికి సుమారు 400 సన్నని రంధ్రాలు. వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాలు పలుచగా పూసి ఉంటాయి. మొత్తం లోహం కొద్ది గ్రాములే. సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కగానే పని మొదలవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డై ఆక్సైడ్‌గాను, హైడ్రోకార్బన్లు కార్బన్ డై ఆక్సైడ్, నీరుగాను, నైట్రోజన్ ఆక్సైడులు తిరిగి నైట్రోజన్‌గాను మారిపోతాయి. బాగా ఉన్న డబ్బా ఈ విషవాయువులలో 90 శాతానికి పైగా మార్చివేస్తుంది.

మన దేశంలో 1995లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై నగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు ఈ లోహాలను పాడుచేస్తుంది కనుక సీసం లేని పెట్రోలును కూడా అప్పుడే తెచ్చారు. 2000 నాటికి అది దేశమంతటికీ వచ్చింది.

ఇప్పుడు ఆ సలహా సంగతి చూద్దాం. బాగా ఉన్న డబ్బా పొగకు కలిగించే అడ్డు చాలా తక్కువ. పైగా 1 కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చొప్పున అందేలా ఆక్సిజన్ సెన్సార్ సాయంతో ఇంజను కంప్యూటరు సరిచూసుకుంటుంది. డబ్బా తీసినంత మాత్రాన ఈ లెక్క మారదు. కనుక పెట్రోలు మిగలదు.

మరి తేడా కనిపించిందని కొందరు ఎందుకు అంటారు? వారి డబ్బా అప్పటికే పూడుకుపోయి ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు సరిగా పనిచేయకపోతే మండని పెట్రోలు డబ్బాలోకి వచ్చి అక్కడ మండుతుంది. ఆ వేడికి తేనెపట్టు కరిగి దారి మూసుకుపోతుంది. అప్పుడు బాగుచేయవలసింది మొదట ప్లగ్గును, తరువాత మార్చవలసింది డబ్బాను. డబ్బా తీసేసి ఊరుకుంటే రోగమొకటి, మందొకటి అన్నట్టే.

ఇంకొక మాట. తీసిన డబ్బాను ఎవరూ పారేయరు. లోపలి లోహాలకు మంచి ధర పలుకుతుంది. 2021లో ఈకో వాన్ల కింద ఉండే ఈ డబ్బాలను దొంగిలించే ముఠాలను దేశంలో పలుచోట్ల పోలీసులు పట్టుకున్నారు. కాబట్టి లాభం ఎవరిదో మీరే ఆలోచించండి.

నష్టం ఎవరిది? ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డున వెళ్ళే కార్లలో డబ్బా ఉన్నదేదో, లేనిదేదో చూసి చెప్పలేం. రెండింటి పొగా కంటికి ఒకే తీరుగా ఉంటుంది. కారు యజమాని ముందుకు సాగిపోతాడు. ఆ పొగను పీల్చేది వెనుక వచ్చే సైకిలు కుర్రవాడు, బస్సు కోసం నిలబడిన మీరు, రోజంతా రోడ్డు పక్కన పండ్లమ్మే అవ్వ.

కంటికి కనబడనిదాన్ని కొలిచి తెలుసుకోవాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నది అందుకే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ భారత్ స్టేజ్-2కు ముందరి పెట్రోలు కార్లలో 3 శాతం, స్టేజ్-2, 3 కార్లలో 0.5 శాతం, స్టేజ్-4 కార్లలో 0.3 శాతం మించరాదు. డబ్బా లేకుంటే ఈ హద్దు దాటే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో పెట్రోలు కారు ఉంటే ఆ కాగితం అడిగి తీసుకొని, అందులోని అంకె ఎంతో చూడండి. పోయినసారి కాగితంలో ఎంత ఉన్నదో కూడా చూడండి. అంకె పెరుగుతుంటే కారణమేమిటో పెద్దలను అడగండి.