పాత చీర.. తాంబూలం సంచి

పెళ్లింట తాంబూలం పెట్టి ఇచ్చిన ప్లాస్టిక్ కవరు మర్నాడు పెంటకుప్పకు చేరుతుంది. మేతకు వెళ్లిన గేదె దాన్ని మింగితే రైతుకే నష్టం. 120 మైక్రాన్ల కన్నా పలుచని కవర్లపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు.

దీనికి విరుగుడు ఇంట్లోని ట్రంకుపెట్టెలోనే ఉంది. చిరిగిన పట్టుచీరలో గట్టి భాగం చూసి 10 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ముక్క కత్తిరించాలి. లోపలివైపు పాత పంచె గుడ్డ వేస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. రెండు కొసలూ బొందు దూరేంత మడిచి కుట్టాలి. ముక్కను తిరగేసి సగానికి మడిచి, ఆ కొసల మడతల కింది నుంచి రెండు పక్కలా కుట్టి, తిప్పి బొందు ఎక్కించాలి. అడుగున కుట్టు ఉండదు గనుక కొబ్బరికాయ బరువుకు విడిపోదు.

అమ్మమ్మ చీరతో కుట్టిన సంచిని ఏ ఆడపడుచూ పారేయదు. పసుపుకొమ్ములో, చిల్లర డబ్బులో పోసి దాచుకుంటుంది.