కటకమునకు చేతిపిడి – స్పష్టమైన ఛాయాచిత్రమునకు సులభోపాయము

సాక్షి తడబడినచో వ్యాజ్యము నిలువదు. చిత్రము మసకబారినచో జ్ఞాపకము నిలువదు. మన మహదేవపూర్ ప్రాంతమున చిత్రించి దాచుకొనదగినవి ఎన్నియో కలవు. గోదావరీ ప్రాణహితలు కలియు కాళేశ్వర సంగమము, అచట 2025 మే నెలలో జరిగిన సరస్వతీ పుష్కరములు, 2023 అక్టోబరులో స్తంభములు క్రుంగిన మేడిగడ్డ ఆనకట్ట, అడవిలో మద్దిచెట్లపై పెరుగు దసలి పట్టుకాయ – ఇవి యన్నియు రేపటి తరమునకు సాక్ష్యములు కావలసినవే. అయితే ఆకుల నడుమ నున్న పట్టుకాయకు కెమెరాను ఎక్కుపెట్టినచో, తనంతట తాను ఫోకసు చేసికొను యంత్రము తరచుగ ముందున్న ఆకునే పట్టుకొనును. అట్టియెడ చేతితో ఫోకసు చేయుటయే శరణ్యము. ఆ పనిని కొద్దిపాటి ఖర్చుతో సులభము చేసికొను విధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వెలుగు చీకటిగదిలో ప్రతిబింబమును ఏర్పరచు తీరును వేయి సంవత్సరముల క్రిందటనే ఇబ్నుల్ హైసమ్ పరిశోధించెను. ఆయన రచించిన కితాబుల్ మనాజిర్ దృష్టిశాస్త్రమునకు పునాది వేసిన గ్రంథములలో నొకటి. మన దక్కనునందు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూసెను. ఆ కాలపు కొయ్య కెమెరాలలో చిత్రకారుడు నల్లని గుడ్డ కప్పుకొని, గరుకు గాజుపై తలక్రిందులుగ పడు ప్రతిబింబమును చూచుచు, పళ్ళచక్రపు మరను మెల్లగ త్రిప్పి కటకమును ముందువెనుకలకు జరుపుచుండెను. చేతి పెద్ద కదలికను కటకపు చిన్న కదలికగ మార్చుటయే ఆ మర చేయు పని. నేటికిని ఫోకసు రహస్యమంతయు అదియే.

ఆ చిన్న కదలిక ఎంత చిన్నదో లెక్కతో చూతము. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము అనంతదూరమునుండి 10 మీటర్లకు ఫోకసు మార్చుటకు పావు మిల్లీమీటరు మాత్రమే ముందునకు జరుగును. 10 మీటర్లనుండి 2 మీటర్లకు మరియొక మిల్లీమీటరు. 2 మీటర్లనుండి అర మీటరుకు సుమారు నాలుగుంబావు మిల్లీమీటర్లు. ఇక 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో ద్వారమును ఎఫ్ 2 వద్ద తెరచి, 2 మీటర్ల దూరమున నున్న మనిషిని తీసినచో స్పష్టముగ కనబడు మేర ఒక జానెడు లోపే. ఒక మీటరు దూరమున అది నాలుగున్నర సెంటీమీటర్లు. కన్నులు స్పష్టమైనచో చెవులు మసకబారును. అర మీటరులో నున్న పట్టుకాయకైతే ఆ మేర సుమారు ఒక సెంటీమీటరే.

వెనుకటి కటకములలో ఫోకసు వలయము సాధారణముగ చాల దూరము తిరుగుచుండెను. 1985లో మినోల్టా 7000 వచ్చిన పిమ్మట స్వయంచాలక ఫోకసు వ్యాప్తి చెందెను. మోటారు త్వరగ త్రిప్పుటకై చాల కటకములలో వలయపు తిరుగుడు తగ్గెను. వలయము సన్నబడి తేలికయయ్యెను. అందుచేత వ్రేలు రవ్వంత కదలినను ఫోకసు లక్ష్యమును దాటిపోవును.

దీనికి విరుగుడు తులాదండ సూత్రమే. వలయపు వ్యాసార్ధము 3 సెంటీమీటర్లనుకొందము. దానిని ఒక డిగ్రీ త్రిప్పుటకు అంచున వ్రేలు అర మిల్లీమీటరు కదలును. వలయమునకు 6 సెంటీమీటర్ల పిడిని అమర్చినచో, పిడికొన ఇరుసునుండి 9 సెంటీమీటర్ల దూరమున నుండును. అదే డిగ్రీకి ఒకటిన్నర మిల్లీమీటర్లు కదలును. కదలిక మూడింతలగును, కావలసిన బలము మూడవ వంతగును. చేయి వణకు వృద్ధులకును, వ్రేళ్ళలో పట్టు చాలని వారికిని ఇది మిక్కిలి ఉపకరించును.

తయారుచేయు విధము ఇది. పాత సైకిలు ట్యూబునుండి వలయమంత వెడల్పు గల ముక్కను కత్తిరించి వలయముపై తొడుగవలెను. ఇది జారకుండ పట్టునిచ్చును. గీతలు పడకుండ కాపాడును. దానిపై నీటిగొట్టములను బిగించు ఇనుప క్లిప్పును తొడిగి, క్లిప్పు క్రింద నున్నని వెదురుబద్దను దూర్చి మరను మెల్లగ బిగింపవలెను. పిడి జారనంత వరకే బిగింపవలెను. అధికముగ బిగించినచో వలయము నొక్కుకొని తిరుగుట మానును. పిడి ఒక కొసనుండి మరియొక కొస వరకు దేనికిని తగులకుండ తిరుగుచున్నదో లేదో చూచుకొనవలెను.

తరువాత దూరముల గుర్తులు. కటకపు కదలని భాగముపై తెల్లకాగితపు పట్టీ అంటించి, కెమెరాను స్టాండుపై నిలిపి, టేపుతో కొలిచి 1, 2, 3, 5, 10 మీటర్ల దూరములందు పెద్ద అక్షరముల వార్తాపత్రికను నిలుపవలెను. ద్వారమును పూర్తిగ తెరచి, అక్షరములు స్పష్టమైన చోట పిడికి ఎదురుగ గీత గీయవలెను. మరలలో కొంత వదులుండును గనుక ప్రతి పర్యాయము ఒకే దిక్కునుండి త్రిప్పి గుర్తింపవలెను. గుర్తులు సిద్ధమైన పిదప, వచ్చుచున్న ఊరేగింపును 3 మీటర్ల గీతవద్ద ఎదురుచూచి పట్టుకొనవచ్చును.

కొన్ని జాగ్రత్తలు కూడ అవసరము. స్వయంచాలక కటకమైనచో పిడి తాకకముందే మీటను చేతి ఫోకసుకు మార్చవలెను. కొన్ని నేటి కటకములలో వలయము లోపలి గాజును నేరుగ త్రిప్పదు. దాని కదలికను గ్రహించి మోటారు నడుపును. త్రిప్పు వేగమును బట్టి ఫలితము మారు వాటియందు గీతలు నిలువవు. కటకమును విప్పి గ్రీజు మార్చు సాహసము తగదు. లోపలి మరచుట్టు విడిపోయినచో, తిరిగి అదే స్థానమున ఎక్కింపనిదే ఫోకసు కుదురదు. అది మెకానిక్కు పని. మనము చెప్పిన మార్పు మాత్రము ఎప్పుడైనను ఊడదీయదగినది. కటకమునకు హాని లేనిది.

విద్యార్థి మిత్రులారా! ఖరీదైన కెమెరా లేదని చింతింపవలదు. ఇంట మూలబడిన పాత కటకమును దుమ్ము దులిపి చూడుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇట్టి కటకమొకటి ఉంచినచో, తులాదండము, మర, ప్రతిబింబము అను మూడు పాఠములు ఒక్క పనిముట్టుతో బోధపడును. ఆ పాఠము నేర్చిన చేతులే రేపు మన నదులను, మన మగ్గములను, మన పెద్దల ముఖములను స్పష్టముగ భద్రపరచును.