నా నిద్రకు నేనే గ్రాఫు గీసుకున్నా!

"అమ్మా, ఇవాళ నీకు ఎనిమిది వేశా."

రాత్రి అన్నాలయ్యాక మా అమ్మాయి ఆ మాట అనేసి, నోట్‌బుక్ మూసి పడుకుంది. ఎనిమిది అంటే పరీక్షలో మార్కులు కావు. ఆ రోజు ఇంట్లో నేనెంత చిరాకు పడ్డానో దానికి వేసిన అంకె. సున్నా అంటే అమ్మ మామూలుగా ఉన్నట్టు. పది అంటే దగ్గరికి వెళ్లకపోవడమే మంచిదన్నట్టు. అదే రోజుకి నాకు నేను వేసుకున్నది మాత్రం ఐదే!

నేను విజయవాడలో సోషల్ వర్కర్‌ని. పదేళ్లుగా ఇదే పని. మనసు బాగోలేని వాళ్లకి "మీ గురించి మీరు కాస్త పట్టించుకోండమ్మా" అని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ మాట నాకు నేను చెప్పుకోవాల్సిన రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

వరద తగ్గింది, నిద్ర రాలేదు

2024 సెప్టెంబరు 1 ఆదివారాన్ని బెజవాడ వాళ్లెవరూ మర్చిపోలేరు. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీళ్లలో మునిగిపోయాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇల్లు కృష్ణలంకలో. నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ పుణ్యమా అని మేం బయటపడ్డాం. అటు సింగ్‌నగర్ వైపు మాత్రం ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు కదల్లేదు.

నీళ్లు తీశాక మా పని మొదలైంది. రోజుకి ఆరేడు ఇళ్లు. ప్రతి ఇంట్లో గోడ మీద అదే బురద గీత, దాని కింద ఒక కథ. కుట్టుమిషన్ పోయిన ఆమె, పిల్లల సర్టిఫికెట్లు ఆరబెట్టుకుంటున్న తండ్రి, "మంచం మీద మంచం వేసుకుని రెండు రాత్రులు కూర్చున్నాం అమ్మాయ్" అని చెప్పి, ఏడవకుండా నాకు టీ ఇచ్చిన మామ్మగారు. వాళ్ల ముందు నేనూ ఏడవలేదు. ఇంటికొచ్చి, పెన్సిల్ పోగొట్టుకుందని మా అమ్మాయి మీద అరిచాను.

అక్టోబరు చివరికి రాత్రి రెండింటికి మెలకువ రావడం, తెల్లారేదాకా ఫోన్ చూస్తూ పడుకోవడం అలవాటైపోయింది. రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నా. అది మా మేడమ్‌కి ఇద్దామనుకున్న రోజునే ఎమ్మెస్‌డబ్ల్యూలో చదివిన ఒక పాఠం గుర్తొచ్చింది.

ఒక్క మనిషి మీదే పరిశోధన

పరిశోధన అనగానే వందల మంది, పెద్ద సర్వే అనుకుంటాం. ఒక్క మనిషి మీద చేసేదీ ఉంది. దాన్ని సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ అంటారు. ఇందులో మనిషిని ఇంకొకరితో పోల్చరు. ఆ మనిషినే నిన్నటి తనతో పోలుస్తారు.

ఇది కొత్త సంగతేం కాదు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. సోషల్ వర్క్‌లోకి ఈ పద్ధతి రావడం వెనక ఒక చురక ఉంది. 1973లో జోయెల్ ఫిషర్ అనే అమెరికన్ ఆచార్యుడు, అసలు మన పని వల్ల జనానికి మేలు జరుగుతోందా అని నిలదీస్తూ వ్యాసం రాశాడు. ఆ రంగంలో పెద్ద గొడవే అయింది. తర్వాత 1982లో ఆయనే మార్టిన్ బ్లూమ్‌తో కలిసి, చేసిన పనిని ఎలా కొలుచుకోవాలో పాఠ్యపుస్తకం తెచ్చాడు. మా క్లాసులో గళ్ల కాగితం మీద గ్రాఫులు గీయించింది ఆ పద్ధతిలోనే.

పద్ధతి ఇదీ. ముందు ఏ మార్పూ చేయకుండా కొన్నాళ్లు ఉన్నది ఉన్నట్టు కొలవాలి. దీన్ని బేస్‌లైన్ అంటారు, గుర్తు 'ఏ'. ఆ తర్వాత ఒక మార్పు మొదలుపెట్టి, అదే కొలతను కొనసాగించాలి. అది 'బి'. కావాలంటే మార్పును ఆపి చూసి, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నవంబరు 4న లాంగ్ నోట్‌బుక్ కొన్నా. కొలవాల్సినవి రెండే అనుకున్నా. ఒకటి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానో పొద్దున లేవగానే రాయడం. రెండు, ఇంట్లో నా చిరాకుకి సున్నా నుంచి పది దాకా అంకె వేయడం. ఆ చిరాకు పడేది మా అమ్మాయి మీదే కాబట్టి, నా అంకె చూడకుండా దాన్నీ విడిగా వేయమన్నా. పదకొండేళ్ల పిల్ల. "నిజంగా వేసెయ్యనా?" అంది. "వేసెయ్" అన్నా.

అంకెలు చెప్పిన మొదటి నిజం

పద్నాలుగు రోజులు ఏమీ మార్చలేదు. సగటు నిద్ర నాలుగున్నర గంటలు. మరీ తక్కువ మూడున్నర, మరీ ఎక్కువ ఐదున్నర. మామూలు హెచ్చుతగ్గులు ఎంతవరకో తేల్చడానికి ప్రామాణిక విచలనం లెక్కవేశా. లెక్కల్లో భయపెట్టిన ఆ మాట ఇన్నాళ్లకి పనికొచ్చింది. సగటుకి అటూ ఇటూ రెండు విచలనాల దూరంలో గీతలు గీస్తే, పై గీత 5.6 గంటల దగ్గర పడింది. ఆ గీత దాటి వరసగా రెండు రోజులైనా నిద్రపోతే, అది కాకతాళీయం కాకపోవచ్చని లెక్క.

నవంబరు 18న మార్పు మొదలుపెట్టా. సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ అత్తయ్య చేతికిచ్చి, పద్మావతి ఘాట్ వైపు నలభై నిమిషాలు నడక. అంతే. మొదటి వారం ఏమీ మారలేదు. సగటు 4.7. "నడిస్తే నిద్రొస్తే ఊళ్లో పోస్ట్‌మన్లందరూ కుంభకర్ణులే అవ్వాలి" అని అత్తయ్య నవ్వారు. తర్వాతి మూడు వారాల్లో సగటు 6.2కి వెళ్లింది. ఇరవై ఒక్క రోజుల్లో పదహారు రోజులు పై గీత దాటాను!

అప్పుడు చేయాల్సిన కష్టమైన పని, నడక ఆపేయడం. మా దగ్గరికొచ్చిన వాళ్లకి మేలు చేస్తున్నదాన్ని పరీక్ష కోసం ఆపడం న్యాయం కాదు. నా విషయంలో ఆ హక్కు నాదే అనుకున్నా. డిసెంబరు 16 నుంచి పది రోజులు మానేశా. నిద్ర 5.2కి పడింది. పదో రోజున మా అమ్మాయి చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి, "పరిశోధన చాల్లే, వెళ్లిరా" అంది. మళ్లీ మొదలుపెట్టాక సంక్రాంతి లోపు సగటు 6.1కి చేరింది.

ఇందులో నిద్ర తెచ్చింది నడకా, ఫోన్ దగ్గర లేకపోవడమా అంటే చెప్పలేను. రెండూ ఒకేసారి మొదలుపెట్టడం నా పొరపాటు. ఒకటి ముందు, ఒకటి తర్వాత మొదలుపెట్టి ఉంటే తేలేది.

నడక తీర్చనిది

అసలు సంగతి రెండో గ్రాఫులో ఉంది. బేస్‌లైన్‌లో నా చిరాకుకి నేను వేసుకున్న సగటు ఐదు, అమ్మాయి వేసింది ఏడు. నడక మొదలయ్యాక నేను మూడుకి దిగిపోయా. అమ్మాయి లెక్కలో మాత్రం ఆరే! నడక పనిచేయాలని నాకు అంత కోరికగా ఉంది కాబట్టి, నా అంకె నా కోరిక వైపు జరిగింది. ఆ పక్కన రెండో చేతిరాత లేకపోతే బాగుపడిపోయానని నమ్మేదాన్ని.

అమ్మాయి గ్రాఫు రంపం పళ్లలా ఉంది. పళ్ల మొనలన్నీ మంగళ, శుక్రవారాల మీదే. అప్పటికి ఆఫీసు పని కూడా ఉండటంతో ఇళ్లకి వెళ్లడం ఆ రెండు రోజులకే కుదించారు. కానీ వెళ్లిన రోజు ఆరేడు ఇళ్లు తిరగాల్సిందే. నిద్ర గ్రాఫు తీసి పక్కన పెట్టా. పై గీత దాటని ఐదు రోజుల్లో నాలుగు, ఆ వారాలే. నడక మిగతా రోజుల్ని బాగుచేసింది. ఆ రెండు రోజుల బరువు మాత్రం నడకకి లొంగలేదు.

ఈ రంగంలో ఎవరైనా అలిసిపోయామంటే వెంటనే "యోగా చెయ్, ధ్యానం చెయ్" అంటారు. మంచివే. కానీ ఆ మాటలో మరో అర్థం కూడా ఉంటుంది. లోపం నీలో ఉంది, నువ్వే సర్దుకో అని. నా లోపం ఎంతో, నా పని బరువు ఎంతో ఆ గళ్ల కాగితం విడదీసి చూపించింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్లా. బ్యాగులో రాజీనామా కాగితం ఉంది. బయటికి తీసింది గ్రాఫు. ఆవిడ చాలాసేపు చూసి, "మంగళవారం వచ్చి అడిగితే అలిసిపోయావనుకునేదాన్ని" అన్నారు. ఆ వారం నుంచి అందరికీ రోజుకి నాలుగు ఇళ్లే. తిరిగొచ్చాక ఇద్దరిద్దరం ఒక గంట కూర్చుని, విన్నది చెప్పుకునే ఏర్పాటు చేశారు. నాలుగు వారాల తర్వాత అమ్మాయి వేసిన సగటు మూడు. నాదీ మూడే. మొదటిసారి మా ఇద్దరి లెక్కా కలిసింది.

మీరూ చేసి చూడాలంటే

కొలిచేది ఒకటి, మహా అయితే రెండు పెట్టుకోండి. 'బాగుండాలి' అని కాదు, నిద్ర గంటల్లాంటి లెక్కకొచ్చేది. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. మార్పు ఒక్కటే చేయండి. మొదటి వారం ఫలితం లేదని వదిలేయొద్దు. మీతో ఉండేవాళ్లలో ఒకరిని విడిగా అంకె వేయమనండి. పండగ, జ్వరం, గొడవ లాంటివి పక్కన రాసుకోండి. ఆ రోజు అంకె ఎందుకు మారిందో తర్వాత అవే చెప్తాయి. ఇది వైద్యం కాదు. బతకాలనిపించకపోయినా, దిగులు వారాల తరబడి వదలకపోయినా నోట్‌బుక్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

రాజీనామా కాగితం ఏమైందంటారా? దాని వెనక వైపు ఖాళీగా ఉందని మా అమ్మాయి గళ్లు కొట్టి కొత్త గ్రాఫు మొదలుపెట్టింది. ఈసారి కొలిచేది తన చిరాకునట. అంకెలు వేయాల్సింది నేను.